తిన్నాక గంటసేపు

"తిన్నవు గద మంజులా, ఇగ గంటసేపు గీ కుర్చీల కూసో. నడుమల లేవకు," అని హెడ్మాస్టరు నిరంజన్ సార్ ఆమె మొహంలోకి చూడకుండానే చెప్పి, ఖాళీ కంచం తనే తీసి గోడవారకు పెట్టాడు. ఏళ్ల తరబడి ఈ బడిలో మధ్యాహ్నం అన్నం వండుతున్న మంజుల ఎంగిలి కంచం ఇంకొకరు ఎత్తడం ఇదే మొదలు. ఆఫీసు గదిలోని చేతుల కుర్చీలో ఆమె కూర్చోవడమూ ఇదే మొదలు. పెళ్లిపీట మీద కూర్చోబెట్టినట్టు వరండా నడిమధ్యన కూర్చోబెట్టారు. ఎదురుగా ఎండలో పిల్లలు ఖాళీ కంచాలు ఒళ్లో పెట్టుకొని వరుసల్లో కూర్చున్నారు, గేటు దగ్గర వాళ్ల తల్లులూ తండ్రులూ గుంపుగా నిలబడ్డారు, వేపచెట్టు నీడలో బల్ల వేయించుకొని పైనుంచి వచ్చిన ఆఫీసర్ మేడం కూర్చుంది, ఇంతమంది చూపులూ ఒక్కచోటే, మంజుల కడుపు మీద. పోయిన వారం ఇదే వరుసల్లో కూర్చొని అన్నం తిన్న పిల్లలు వాంతులు చేసుకున్నారు. ఆటోల్లో బోథ్ దవాఖానకు ఉరికించారు, సెలైన్లు ఎక్కించారు, దేవుడు చల్లగా చూశాడు, అందరూ లేచి ఇండ్లకు వచ్చారు. పేపర్లో పడింది. దాంతో ఈ కొత్త పద్ధతి: వండినామె ముందు తినాలి, తిని గంటసేపు అందరి ముందూ కూర్చోవాలి, ఆమెకు ఏమీ కాకపోతే అప్పుడు పిల్లలకు పెట్టాలి. వెనకటి రాజులు తమ అన్నంలో విషం ఉందేమోనని ముందు ఒక దాసీకి తినిపించి చూసేవాళ్లట, బిడ్డ నవ్యశ్రీ రాత్రి చెప్పి నవ్వింది, నవ్వి మళ్లీ తనే ఏడుపు మొహం పెట్టింది, అమ్మా నువ్వు పోకే అంది. పోకపోతే ఎట్లా.

తల మీద ప్లాస్టిక్ టోపీ బిగుసుకొని చెమట చెవుల వెనక్కి కారుతున్నది. టోపీ, తెల్ల ఏప్రను, చేతులకు తొడుగులు, అన్నీ పొద్దున జీపులోనే వచ్చాయి. సాయంత్రం జీపులోనే పోతాయట, ఇంకో బడికి కావాలట, అంటే ఇంకెవరిదో చెమట తాగిన టోపీ ఇది, వాసన చూస్తేనే తెలుస్తున్నది, కొబ్బరినూనె ముక్కిన వాసన. మొహం పక్కకు తిప్పుకుందామంటే సంపత్ ఎదురుగా ఫోన్ పట్టుకొని నిలబడ్డాడు. మేడంతో వచ్చిన ఆఫీసు మనిషి. మాటిమాటికీ ఫొటో తీసి గ్రూపులో పెట్టాలట. "అక్కా, జర నవ్వుమొహం పెట్టు. గట్ల యాపాకు నమిలినట్టు కూసుంటె పైన ఏమనుకుంటరు?" అన్నాడు. మంజుల పళ్లు బయటపెట్టింది. అంగడిలో ఎద్దు పెదవి ఎత్తి పళ్లు చూస్తారు బేరగాళ్లు, ఎద్దైనా తల విదిలిస్తుంది, ఎవరూ చెయ్యి వేయకముందే తనకు తనే పెదవి ఎత్తుకుంది తను. పొద్దున చేతులు చూసింది మేడం. ముట్టుకోలేదు. పెన్ను కొసతో ఒక్కొక్క వేలూ లేపి గోళ్ల సందులు చూసింది, చూసి "మీ ఇండ్లు ఏ వైపమ్మా?" అని అడిగింది. ఊళ్లో ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. వాగు అవతల, అంది మంజుల. అదేం లేదమ్మా ఊరికే అడిగాను, అంది మేడం, ఆ పెన్నును బ్యాగులో పెట్టుకోకుండా బల్ల మీదనే వదిలేసింది. ఇప్పటికీ అక్కడే ఉంది ఆ పెన్ను.

కడుపులో అన్నం మెత్తగా, వెచ్చగా, బుద్ధిగా కూర్చుంది. ఏమీ కాదు. ఏమవుతుంది, ఈ పొద్దున వండింది ఏ బియ్యమో వండిన చేతికి తెలియదా. అది కూడా జీపులోంచే దిగింది. సంచి కొత్తది, కుట్టు కొత్తది, దారం లాగితే జలజలా పడ్డాయి, ఒక్క మెరిగె లేదు, ఒక్క మట్టిబెడ్డ లేదు, చాటలో పోసి చూస్తే ఏరడానికి ఏమీ దొరక్క చేతులకు పని తోచలేదు. పాత సంచులు వెనక అర్రలో తాళం లోపల ఉన్నాయి. మంచి బియ్యం తిన్న తనకు ఏమీ కాకపోతే, చూశారా, బడి అన్నంలో ఏ లోపమూ లేదు, ఆనాడు తనతో పాటు వండిన ఐలవ్వ చేతుల్లోనే ఉంది మురికి, అంటారు. ఒకవేళ ఈ ఎండకూ ఈ టోపీ కంపుకూ తను కక్కిందే అనుకో, చూశారా, ఈమె చెయ్యీ అట్లాంటిదే, అంటారు. ఎటు తిప్పినా మాట బియ్యం మీదికి పోదు. బియ్యం లారీలో వస్తుంది, లారీ వెనక గోదాం ఉంటుంది, గోదాం వెనక ఎవరెవరో పెద్దమనుషులు ఉంటారు. ఐలవ్వ వెనక ఎవరున్నారు, నాలుగు కోళ్లు, మీద పడబోయే పెంకుటిల్లు. ఆమెను ఆ మరునాడే పనిలోంచి తీసేశారు. తీసేశామని ఎవరూ చెప్పలేదు, పొద్దున్నే వస్తే గేటు దగ్గర ఆపి, ఇంటికి పొమ్మన్నారు.

ఆ బియ్యం. తలచుకుంటేనే నోట్లో ఉప్పునీళ్లు ఊరుతున్నాయి. వానాకాలంలో ఎక్కడో తడిసి వచ్చిన సంచులు, నడుమకు చెయ్యి పెడితే ఉండలు, ఉండ చిదిపితే లోపల పచ్చటి బూజు, ఆ బూజు నుంచి సాలీడు గూడులాంటి దారాలు, దారాలకు వేలాడుతూ తెల్లటి పురుగులు, నల్ల పురుగులైతే లెక్కే లేదు, అవి బియ్యంలో ఒక దినుసు. పొద్దు పొడవక ముందే వచ్చి ఇద్దరూ చాటలు ముందేసుకొని కూర్చునేవాళ్లు. "బిరాన ఏరు పిల్లా, అవి లేస్తె పోరగాండ్ల కంటె ముందుగాల బడిల కూసుంటయి," అనేది ఐలవ్వ, అని తనే నవ్వేది. టబ్బులో నీళ్లు పోస్తే బియ్యం అడుక్కు పోయేవి, పురుగులు పైకి తేలి ఈదేవి, వాటిని దోసిళ్లతో తోడి పారబోసేవాళ్లు, వేళ్ల సందుల్లో అవి కదిలేవి, చచ్చినవి కొన్ని, బతికినవి కొన్ని. సబ్బుతో కడిగినా ఆ కదలిక చేతిని వదిలేది కాదు. ఇంటికి పోయి తన కంచంలో అన్నం కలపబోతే ప్రతి మెతుకూ మెల్లగా జరిగినట్టే అనిపించేది, అన్నం పక్కకు తోసి జొన్నరొట్టె తినేది. పెనిమిటి అదిలాబాదు జిన్నింగు మిల్లులో సీజను పని ముగించుకొని ఇంటికి వచ్చినప్పుడు, బడి బువ్వ తిని నీకు ఇంటి బువ్వ రుచి తప్పిందానె అని ఎగతాళి చేసేవాడు. ఏం చెప్తుంది. సార్‌కు చెప్పారు, ఇద్దరూ పోయి చెప్పారు, చాటతో సహా పోయి చూపించారు. ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని "ఎండల పోసి, ఏరి, మంచిగ కడిగి వండుండ్లి. నేను పైకి చెప్పిన," అన్నాడు. పైకి అంటే ఎక్కడికో, ఆయన చెయ్యి మాత్రం ఆకాశం వైపు లేచింది.

ఏరారు. ఎండలో పోశారు. కడిగారు, మళ్లీ కడిగారు. మబ్బు పట్టి మూడునాళ్లు ఎండ లేదు, ఉండలు ఆరలేదు, వండొద్దు అంటే సార్ వినలేదు, వండకపోతే పిల్లలు పస్తుంటారు, రేపు పేపర్లో పడుతుంది, అన్నాడు. పడనే పడింది.

నిన్న ఇంటికి వచ్చాడు సార్. ఏనాడూ వాగు దాటి రానివాడు బండి వేసుకొని వచ్చి, మంచం కొసన కూర్చొని, మంచినీళ్లు వద్దని చాయ్ తాగుతానన్నాడు. "పిల్లలు తిన్నంక మేడం నిన్ను అడుగుతది. తల్లిదండ్రుల ముంగట ఒక్క మాట చెప్తే చాలు మంజులా. ఆనాడు బియ్యం కడిగింది ఐలవ్వ. గంతే. గది అబద్ధమైతె గాదు గద?" అన్నాడు. అబద్ధం కాదు. ఆనాడు తను కూరగాయలు తరిగింది, ఐలవ్వ బియ్యం కడిగింది. నిజాన్ని ఇట్లా కూడా వాడుకోవచ్చని అప్పుడే తెలిసింది ఆమెకు, పీకకు చుట్టే తాడు లాగ. చెప్తే పని ఉంటుంది, ఆగిన బిల్లులు కదులుతాయి, కొత్త మనిషిని ఎవరిని పెట్టుకోవాలో కూడా నీ ఇష్టమే, అన్నాడు. "సరే సార్," అంది. ఇంత సులువుగా వచ్చింది ఆ మాట నోట్లోంచి, ఉమ్మినంత సులువుగా. ఆయన సగం తాగి పెట్టిన చాయ్ మీద మీగడ ముడతలు పడి కట్టుకుంది, ఆయన పోయాక ఆ గిలాసను చేత్తో పట్టుకోలేక చీర కొంగుతో పట్టుకొని గడప అవతల పారబోసింది. అసహ్యం ఎవరి మీద, ఆ చాయ్ మీదనా, ఆయన మీదనా. ముందూ వెనకా చూడకుండా సరే సార్ అన్న తన నాలుక మీద కాదూ.

సంపత్ మళ్లీ వచ్చాడు. క్లిక్ మంది ఫోను. ఈసారి ఆమె పళ్లు చూపించలేదు, అతనూ అడగలేదు.

గౌరవ వేతనం. ఆ మాట ఎవరు పుట్టించారో వాళ్ల నోట్లో ఇంత పురుగుల అన్నం పెట్టాలి. అదిలాబాదులో ధర్నాకు పోయినప్పుడు, చలికాలం, తెల్లారే బస్సెక్కి పోయి రోడ్డు మీద కూర్చుంటే నడుములు గడ్డకట్టాయి. ఎవరో ఒక సార్ బయటికి వచ్చి చాలా మర్యాదగా చెప్పాడు. మీరు కూలోళ్లు కాదమ్మా, తల్లుల్లాంటి వాళ్లు, మీది కొలువు కాదు, సేవ, అందుకే దీన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ఐలవ్వ లేచి నిలబడింది. "సారూ, గా గౌరవం తీస్కపోయి కిరాణం అంతయ్యకిస్తె ఉప్పు పొట్లం ఇస్తడా?" అని అడిగింది. నవ్వులు, చప్పట్లు, ఆ సార్ కూడా నవ్వాడు, నవ్వి లోపలికి పోయాడు. కూలి అంటే చట్టం వస్తుంది, జీతం అంటే సెలవు వస్తుంది, పింఛను వస్తుంది, కాలో చెయ్యో విరిగితే అడిగే హక్కు వస్తుంది. గౌరవం అంటే ఏదీ రాదు, నెలలకు నెలలు అది కూడా రాదు. గుడ్లూ పప్పూ నూనె అంతయ్య దుకాణంలో తన పేరు మీద అరువు తెచ్చి ఊరి పిల్లలకు పెట్టాలి. సర్కారు పిల్లలకు అన్నం పెడుతుందని గోడ మీద బొమ్మ రాశారు, అంతయ్య చూపు మాత్రం గోడ వైపు పోదు, తన వైపే పోతుంది, ఇంత పెద్ద సర్కారుకు పూచీకత్తు తనేనట.

ఇదంతా కాకముందు ఒకనాడు సాంబారు గిన్నె దించుతుంటే ఐలవ్వ కాలు జారింది. కాలు మీద, పిక్క మీద అంతా పడింది. చీర లాగితే తోలు చీరతో పాటు వచ్చింది, ఆ వాసన, పప్పూ చింతపండూ కాలిన మాంసం కలిసిన వాసన, చాలా రోజులు మంజుల తన ఇంట్లో పప్పు వండలేకపోయింది. ఆటోలో ఎక్కించే ముందు సార్ ఐలవ్వ చెవి దగ్గర వంగి "బడిల కాలిందంటె నాకు మెమో వస్తది అవ్వా. ఇంట్ల కాలిందని చెప్పు. నిన్ను నేను చూసుకుంట," అన్నాడు. ఆమె దవాఖానలో అట్లానే చెప్పింది. ఆయన ఏమీ చూసుకోలేదు. పుండు మానకముందే, కట్టు మీద ఈగలు ముసురుతుంటే, మళ్లీ పొయ్యి దగ్గరికి వచ్చింది, రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు. తల్లుల్లాంటి వాళ్లట. ఏ తల్లిని పెన్ను కొసతో ముట్టుకుంటారు.

గొంతు దాకా వచ్చింది. పులుపు. మింగింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. మేడం కళ్లు చిట్లించి చూస్తున్నది, ఆమె ముందు బల్ల మీద తన ఇంటి టిఫిను డబ్బా మూత తెరిచి ఉంది. "షుగరుందమ్మా నాకు, టైముకు తినకపోతే కళ్లు తిరుగుతాయి," అని వేప కింద ఉన్నవాళ్లకు సంజాయిషీ చెప్పుకుంటూ గబగబా తిన్నది, రెండుసార్లు ఫోన్ మోగితే నోట్లో ముద్ద ఉండగానే లేచి నిలబడి సార్ సార్ అంది. ఆమెకూ ఎవరో ఉన్నారు పైన. పైన, పైన, పైన, ఈ నిచ్చెన ఎక్కడ ఆగుతుందో గాని కిందకి మాత్రం తన కడుపు దగ్గర ఆగింది. మేడం మీద జాలి పడబోయింది మంజుల, ఆ జాలి కూడా గొంతులోకి పులుపై వచ్చింది.

ఎండ పిల్లల మొహాల మీదికి జరిగింది. ఒకడు కంచాన్ని గోకుతున్నాడు, ఒకతి పక్కదాని భుజం మీద తల పెట్టి నిద్రపోయింది, చిన్న తరగతి వాళ్లు ఏడుపు మొదలుపెట్టారు. వంటరేకుల పందిరి కింద సాంబారు మీద పొర కట్టి చల్లారిపోతున్నది. ముందు వరుసలో పిల్ల ఒకతి, వాంతులు చేసుకున్నవాళ్లలోనిదే, ఇంకా మొహం పాలిపోయే ఉంది, ఉన్నట్టుండి గట్టిగా అడిగింది. "పెద్దమ్మా, నీకు కడుపుల నొస్తుందా?"

"లేదు బిడ్డా."

"మరి మేం తినొద్దా?"

ఏం చెప్పాలి. తినండి, ఇవాళ మంచిది. రేపు? ఎల్లుండి? జీపు రోజూ వస్తుందా. ఈ పిల్ల కళ్లల్లో భయం లేదు, ఆకలి ఉంది. మళ్లీ అదే గిన్నె ముందు కూర్చోవడానికి ఆకలి ఒక్కటి చాలు. గంటసేపు తన కడుపు చూసి పెద్దలు ఏం తేల్చుకుంటారో దానికి అక్కర లేదు, అది రేపు కూడా వస్తుంది, కంచం పట్టుకొని, పెద్దమ్మ పెట్టింది కాబట్టి తింటుంది. సరే సార్ అన్న మాట నాలుక మీద ఇంకా అంటుకొని ఉంది, మెతుకులో దాక్కున్న పురుగులాగా.

సంపత్ ఫోన్ కుయ్ మని మోగింది. గంట అయింది. మేడం చేతులు కడుక్కొని, కొంగు సర్దుకొని గేటు వైపు నడిచింది. "చూశారు కదమ్మా, చూశారు కదయ్యా. మీ కళ్ల ముందే తిన్నది. అన్నంలో ఏ లోపమూ లేదు. ఆ రోజు ఏం జరిగిందో ఈమె నోటితోనే వినండి. చెప్పమ్మా మంజులా."

మంజుల లేచింది. కాళ్లు తిమ్మిరెక్కి ఒక అడుగు తూలితే తల్లుల్లో ఎవరో అయ్యో అన్నారు. "పిల్లలకు పెట్టినంక చెప్త," అని వంటరేకుల కిందికి పోయింది. ఆపుదామని మేడం నోరు తెరిచింది, పిల్లలు అప్పటికే కంచాలు ముందుకు చాపారు. వరుసలో చివరి పిల్ల దాకా పెట్టింది, గుడ్డు వొలిచి పెట్టింది చిన్నవాళ్లకు, నిద్రపోయిన దాన్ని లేపి తొలి ముద్ద తినిపించింది. అప్పుడు టోపీ తీసింది, ఏప్రను విప్పింది, తొడుగులు ఊడదీసింది, అన్నీ కుర్చీలో పెట్టి గేటు వైపు తిరిగింది.

"ఆనాడు బియ్యం కడిగింది ఐలవ్వత్తనే. గది నిజం. పురుగులు ఏరింది మేమిద్దరం. బూజు పట్టిన ఉండలు సార్‌కు సూపెట్టింది సుత ఇద్దరం. గా బియ్యం వెనుక అర్రల ఉన్నది. ఇయ్యాల నేను తిన్నది, మీ పిల్లలు తింటున్నది గీ జీపుల వచ్చింది. ఐలవ్వత్తను తీసేస్తె నన్ను సుత తీసెయ్యుండ్లి."

మేడం, "ఇవన్నీ నీకు ఎవరు నేర్పారమ్మా?" అంది.

"నేర్పెటోళ్లుంటె నిన్న సార్ వచ్చినప్పుడే అనకపోదునా."

నిరంజన్ సార్ తన చెప్పుల వైపు చూస్తున్నాడు. ఒక తండ్రి, ఆ అర్ర తీయుండ్లి సారూ, చూద్దాం, అన్నాడు. తాళంచెవి దొరుకుతలేదు, అన్నాడు సార్. మాట మీద మాట లేచింది, ఎవరో ఎవరినో నెట్టారు, సంపత్ ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. "రేపటి నుంచి నువ్వు రావద్దు," అని మేడం మెల్లగా, దాదాపు బాధగా చెప్పింది. మంజుల తలూపింది. గేటు దాటింది. వెనక నుంచి కంచాల చప్పుడు, పిల్లలు తింటున్న చప్పుడు, అంత గొడవలోనూ అదొక్కటే వినిపించింది ఆమెకు.

వాగు దాటే దాకా నడిచింది, తరవాత ఉరికింది. ఐలవ్వ వాకిలి ముందు మోరీ దగ్గర మోకాళ్ల మీద పడి అంతా కక్కేసింది. తెల్లటి, గట్టి, మచ్చలేని మెతుకులు. చూస్తుండగానే ఐలవ్వ కోళ్లు రెక్కలు కొట్టుకుంటూ ఉరికొచ్చి ఏరుకొని తినడం మొదలుపెట్టాయి. చెంబుతో నీళ్లు పట్టుకొని, కాలిన కాలు ఈడ్చుకుంటూ బయటికి వచ్చింది ఐలవ్వ. "ఏం పెట్టిండ్లే నీకు? ఏం తినిపిచ్చిండ్లు?"

"మంచి బియ్యమే అత్తా. బియ్యం మంచిగనే ఉన్నయి."

మొహం కడుక్కొని, గోడకు ఆనుకొని, జరిగినదంతా చెప్పింది. ఏదో అంటుందనుకుంది, దగ్గరికి తీసుకుంటుందనుకుంది, కనీసం ఏడుస్తుందనుకుంది. ఐలవ్వ చెంబు ఠంగుమని కింద పెట్టింది.

"నీకేమన్న దయ్యం పట్టిందా పిల్లా? నేనెట్లనో బయటవడ్డ. నువ్వన్న లోపల ఉండాల్నా లేదా? ఇద్దరం గిట్ల వచ్చి కూసుంటె, రేపు జీపు రాదు, గా అర్ర తెరుస్తరు, గా బియ్యమే వండిపిస్తరు. కొత్తగ వచ్చేటామెకు ఏం ఎరుక? పురుగులెవలు ఏరుతరే?"

ఆ మాట మంజులకు తోచనే లేదు. గంటసేపు అన్నీ తోచాయి, అది తోచలేదు.

కోళ్లు తిని ముక్కులు నేలకు రాసుకుంటున్నాయి. ఐలవ్వ వాటిని కాలితో అదిలించి, బడి దిక్కు చూసింది.

"జీపు పోయిందా?"

"ఇంకా పోలే. లొల్లి నడుస్తుంది."

"ఆ పిల్లల అయ్యలు అవ్వలు?"

"ఉన్నరు."

ఐలవ్వ లోపలికి పోయి చీర కొంగు నడుముకు బిగించుకొని వచ్చింది. తలుపు దగ్గరికి లాగి గొళ్లెం పెట్టింది. "నడువు. తాళం పలగ్గొట్టుడు నాకొస్తది," అని ముందు నడిచింది.